బౌబజారు వీధిలో ఒక నామఫలకము

ఉద్యోగము లభించిన పిదప చదివిన శాస్త్రము అటకెక్కుట లోకమున సామాన్యము. నెలజీతము, బదిలీలు, దస్త్రములు, వీని నడుమ చిన్ననాటి కుతూహలములు ఒక్కటొక్కటిగా మరపున పడుచుండును. అట్లు మరుగుపడనున్న కుతూహలమొకటి, దారిలో కంటబడిన ఒక నామఫలకము మూలమున తిరిగి మేల్కొనిన ఉదంతము మన దేశపు విజ్ఞానచరిత్రలో కలదు.

చంద్రశేఖర వెంకట రామన్ గారు 1888లో తిరుచిరాపల్లియందు జన్మించిరి. తండ్రి చంద్రశేఖర అయ్యరు గారు 1892లో విశాఖపట్టణమున శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా చేరుటచే, రామన్ గారి బాల్యమును తొలి విద్యయు ఆ తెలుగు పట్టణముననే గడచెను. తండ్రికి వయొలిన్ వాద్యమునందు మక్కువ మెండు. పిదప మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగనే, కాంతినిగూర్చి రామన్ గారు వ్రాసిన వ్యాసము 1906లో లండనునందలి ‘ఫిలసాఫికల్ మాగజైను’లో వెలువడెను. కాని ఆనాడు భారతీయునకు శాస్త్ర పరిశోధనమే జీవనాధారమగు మార్గము అరుదు. 1907లో ఆర్థికశాఖ పరీక్షయందు ప్రథములై, అసిస్టెంటు అకౌంటెంటు జనరలుగా ఆయన కలకత్తా చేరిరి.

కొలది కాలమునకే ఒకనాడు ట్రాములో పోవుచుండగా, బౌబజారు వీధి 210వ నెంబరు భవనముపై ‘ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్’ అను ఫలకము కనబడెను. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు గారు 1876లో స్థాపించిన సంస్థ అది. సర్కారు గారు 1904లో కీర్తిశేషులైరి. ప్రయోగశాల యున్నను పరిశోధించువారు కొరవడిరి. రామన్ గారు వెళ్లి తలుపు తట్టిరి. లోనివారు ఆదరముతో అనుమతించిరి.

నాటినుండి వేకువజామున ప్రయోగశాల, పగలు పద్దుల పుస్తకములు, సాయంకాలము మరల ప్రయోగశాల. నడుమ రంగూనునకు, నాగపూరునకు బదిలీ యైనను, 1911లో తిరిగి కలకత్తా చేరి ఆ నియమమునే కొనసాగించిరి. కార్యాలయపు పనిలో లోపము రానీయలేదు.

ఇంట విన్న సంగీతము ఇక్కడ శాస్త్రమై నిలిచెను. వయొలిన్, వీణ, తంబుర, మృదంగములు ఆయన పరీక్షకు వచ్చినవి. సామాన్యపు డోలుతోలు పలుకు స్వరములకు పరస్పరము పొందిక యుండదు. అందుచే అది నాదముకంటె మోతగనే వినబడును. మృదంగపు మూతపై నడుమ అద్దిన నల్లని పూత బరువుచే, ఉపస్వరములు మూలస్వరమునకు రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్లుగా కుదురుకొనునని 1920లో ఒక సహచరునితో కలిసి ఆయన ప్రకటించిరి. గణితముతో పనిలేకయే, చెవినే ప్రమాణముగా గొని మన పనివారు తరతరములుగా సాధించిన రహస్యమది.

1917లో రామన్ గారు ఆర్థికశాఖ కొలువు వదలి, జీతము తగ్గినను వెనుదీయక, కలకత్తా విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్యపదవిని స్వీకరించిరి. 1928 ఫిబ్రవరి 28న ఆ బౌబజారు భవనముననే ‘రామన్ ఫలితము’ బయల్పడెను. 1930లో నోబెలు బహుమానము లభించెను.

ఆ ఫలకమును చూచుచు ట్రాములో సాగిపోయినవారు ఎందరో యుందురు. యాదృచ్ఛికముగా కంటబడినది ఫలకము మాత్రమే. పది సంవత్సరములు వేకువన లేచి ఆ తలుపు తెరచుట యాదృచ్ఛికము కాదు.