రోలర్ కోస్టర్‌కు మార్కులు వేసేదెలా?

చేబ్రోలు: వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లల పోరు పడలేక హైదరాబాదు ప్రయాణం కట్టే కుటుంబాలు మన పల్లెల్లోనూ ఇప్పుడు కొత్త కాదు. చార్మినార్, గోల్కొండ, జంతు ప్రదర్శనశాల చూపించి తీసుకురావడం ఒకప్పటి ఆనవాయితీ. నేడు ఆ జాబితాలో వినోద ఉద్యానవనం, అందులోని రోలర్ కోస్టర్ ముందు వరుసకు చేరాయి. అయితే తిరిగివచ్చినవారు చెప్పే మాటలకు ఒకదానికొకటి పొంతన ఉండదు. ఒకరు అద్భుతమంటే మరొకరు మెడ పట్టేసింది, డబ్బు దండగ అంటారు. ఇంకొకరు తిరునాళ్లలో ఎక్కిన డ్రాగన్ రైలే నయమని తేల్చివేస్తారు. పదో తరగతి నుంచి ఈఏపీసెట్ దాకా ప్రతిదానికీ మార్కులు, ర్యాంకులు లెక్కగట్టే మన ప్రాంతంలో ఈ సవారీని మాత్రం ఏ ప్రాతిపదికన తూచాలో చెప్పేవారు కరవయ్యారు. ఆ లోటును కొంతైనా పూరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంజిను లేని రైలు

సాధారణ రోలర్ కోస్టర్ బండికి సొంత ఇంజిను ఉండదు. గొలుసు లేదా ఉక్కు తాడు దానిని ఎత్తుకు లాగి వదిలేస్తుంది. అక్కడి నుంచి నడిపేది భూమ్యాకర్షణ శక్తి ఒక్కటే. ఎత్తు వల్ల సమకూరిన స్థితిజ శక్తి కిందికి దిగేకొద్దీ గతిజ శక్తిగా మారుతుందని పాఠశాలలో చదువుకొన్నదే. ఘర్షణ వల్ల, గాలి వల్ల కొంత శక్తి హరించుకుపోతుంది కనుక మొదటి ఎత్తును మించిన ఎత్తు మళ్లీ రావడం సాధ్యం కాదు.

ఈ వినోదానికి మూలం 18వ శతాబ్దంలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ పరిసరాల్లో మంచు పరచిన కొయ్య వాలులపై జారే వేడుకల్లో ఉంది. 1884లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో, కోనీ ఐలాండ్ సముద్రతీరాన లామార్కస్ థాంప్సన్ ఐదు సెంట్ల టిక్కెట్టుతో నడిపిన పట్టాల బండి గంటకు దాదాపు 10 కిలోమీటర్ల వేగంతో పోయేది. పందెంలో పరుగెత్తే మన ఒంగోలు గిత్తలు దానిని సునాయాసంగా దాటిపోగలవు. మన దేశంలో తొలి వినోద ఉద్యానవనంగా పేరొందిన ఢిల్లీలోని అప్పూ ఘర్ 1984లో ప్రారంభమై 2008లో మూతపడింది.

బండి గాలిలో తలకిందులైనా పట్టాను విడిచిపోకపోవడానికి కారణం చక్రాల అమరిక. పట్టాపై దొర్లే చక్రాలతో పాటు పక్క నుంచి పట్టి ఉంచేవి కొన్ని, పట్టా కింది నుంచి బిగించి ఉంచేవి కొన్ని ఉంటాయి. రైలు పట్టాపై మన ప్యాసింజరు బండి కేవలం కూర్చొని ఉంటుంది. ఇది మాత్రం మూడు వైపుల నుంచి పట్టాను పట్టుకొని ఉంటుంది. గొలుసుతో ఎక్కే కోస్టర్లలో వినిపించే టకటక చప్పుడు చాలామందికి భయం కలిగిస్తుంది. నిజానికి అది భరోసా కలిగించే చప్పుడు. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా ఆపే ఇనుప నాలుకలు ఒక్కో పన్నుపై పడుతున్న శబ్దమది.

రావిర్యాల 'రికాయిల్'

తెలుగు రాష్ట్రాల్లో తలకిందులు చేసే పెద్ద రోలర్ కోస్టర్ అనగానే గుర్తుకు వచ్చేది హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన, రావిర్యాల వద్ద ఉన్న వండర్‌లాలోని 'రికాయిల్'. 2000లో కొచ్చిలో వీగాల్యాండ్ పేరుతో మొదలై, 2005లో బెంగళూరుకు విస్తరించిన ఈ సంస్థ మూడో ఉద్యానవనాన్ని 2016 ఏప్రిల్‌లో ఇక్కడ తెరిచింది. మన వైపు నుంచి పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా వెళ్లేవారు పెద్దఅంబర్‌పేట వద్ద వలయ రహదారి ఎక్కితే నగరంలోకి ప్రవేశించనవసరం లేకుండానే చేరుకోవచ్చు.

'రికాయిల్' నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా సంస్థ తయారీ. ఆ సంస్థ 'బూమెరాంగ్' అనే ఒకే నమూనాను 1980ల నుంచి ప్రపంచమంతటా అమ్ముతోంది. యాభైకి పైగా ఉద్యానవనాలు దానిని కొనుగోలు చేశాయి. కనుక రావిర్యాలలో ఎక్కినవారు పలు దేశాల ప్రజలు ఎక్కిన బండినే ఎక్కినట్లు. ఈ నమూనా ఎత్తు దాదాపు 35 మీటర్లు, పట్టా పొడవు సుమారు 285 మీటర్లు, గరిష్ఠ వేగం గంటకు 75 కిలోమీటర్ల పైచిలుకు. ఒక విడతకు 28 మంది కూర్చోవచ్చు.

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివినవారికి ఇక్కడ ఒక సందేహం రావాలి. 35 మీటర్ల నుంచి స్వేచ్ఛగా పడే వస్తువు నేలను తాకేసరికి గంటకు 94 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. మిగిలిన వేగం ఏమైనట్లు? బండి శిఖరాగ్రం నుంచి బయలుదేరదు, నేల దాకా దిగదు. దానికి తోడు చక్రాల రాపిడి, గాలి నిరోధం తమ వంతు సుంకం వసూలు చేసుకొంటాయి.

దీని నడక విలక్షణమైనది. బండిని మొదట వెనక్కి, వాలుపైకి లాగుతారు. ప్రయాణికుల ముఖం నేలవైపు ఉంటుంది. కట్టు వదలగానే స్టేషను గుండా దూసుకుపోయి, నాగుపాము పడగ వలె మెలితిరిగిన పట్టాపై రెండుసార్లు, ఆ వెంటనే నిలువు వలయంలో ఒకసారి తలకిందులై, ఎదుటి వాలును ఎక్కుతుంది. అక్కడ గొలుసు దానిని అందుకొని ఇంకాస్త పైకి లాగి వదిలేస్తుంది. అంతే, వచ్చిన దారినే, వీపు ముందుగా తిరుగు ప్రయాణం. మొత్తం ఆరు పర్యాయాలు తలకిందులు. అంతా కలిపి రెండు నిమిషాల లోపే.

నిలువు వలయం నిండు సున్నాలా కాక కన్నీటి బొట్టు ఆకారంలో ఉండటాన్ని గమనించాలి. 1895లో కోనీ ఐలాండ్‌లో కట్టిన 'ఫ్లిప్ ఫ్లాప్' వలయం అచ్చమైన సున్నాయే. దాని అడుగు భాగంలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి ఎక్కినవారి మెడలు పట్టేసేవి. 1976లో కాలిఫోర్నియాలోని 'రివల్యూషన్'కు జర్మన్ ఇంజినీరు వెర్నర్ స్టెంగెల్ బొట్టు ఆకారాన్ని అమర్చిన తరువాతనే తలకిందుల సవారీ సామాన్యులకు భరించదగినదైంది. అయినప్పటికీ బూమెరాంగ్ నమూనాలో శరీరంపై పడే భారం ఒక్కో క్షణం మన బరువుకు ఐదు రెట్ల దాకా పోతుంది. 60 కిలోల మనిషి ఆ రెప్పపాటులో నాలుగు బస్తాల వడ్ల బరువు తూగుతాడన్నమాట.

మార్కుల పట్టిక

వందకు మార్కులు వేయదలిస్తే నాలుగు అంశాలుగా విడదీయడం ఉచితం: ఉత్కంఠకు 40, సాఫీగా సాగడానికి 25, నిడివికి 15, నిరీక్షణ, ఖర్చులకు 20.

ఉత్కంఠలో 'రికాయిల్'కు 32 ఇవ్వవచ్చు. ముందుకు పోయేటప్పటి మలుపులు కనిపిస్తాయి కనుక శరీరం సిద్ధపడుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు అవే మలుపులు చెప్పాపెట్టకుండా వస్తాయి. ఆ తిరుగు ప్రయాణమే ఈ బండికి ప్రాణం.

సాఫీతనంలో మాత్రం 13కు మించి వేయడానికి మనసొప్పదు. భుజాలపైకి దిగే రక్షణ కడ్డీకి చెవులు తగులుతాయన్నది ఈ నమూనాపై అన్ని దేశాల అభిమానులూ చేసే ఫిర్యాదే. తలను వెనుక దిండుకు గట్టిగా ఆనించి ఉంచితే సగం బాధ తగ్గుతుంది. ఈ సంగతి ఈ రచయితకు రెండో విడతలో గాని బోధపడలేదు.

నిడివికి 9. నిరీక్షణ, ఖర్చులకు 10. ఈ పట్టాపై ఒకే బండి నడుస్తుంది. అది తిరిగివచ్చి, దిగేవారు దిగి, ఎక్కేవారికి కడ్డీలు బిగించేదాకా వరుస కదలదు. మూడు నిమిషాలకు ఒక విడత అనుకొన్నా గంటకు 560 మందే ఎక్కగలరు. పండుగ రోజున వెళ్లి గంటన్నర నిలబడి రెండు నిమిషాలు తిరిగితే లెక్క తేలదు. పాఠశాలలు నడిచే రోజుల్లో, ద్వారం తెరిచిన వెంటనే వెళ్లినవారికి ఈ పద్దులో మరో ఐదు మార్కులు కలుస్తాయి. మొత్తం 64, అంటే ప్రథమ శ్రేణి.

ఇక కోటప్పకొండ తిరునాళ్ల మొదలు పట్టణాల్లో వెలిసే ఎగ్జిబిషన్ల దాకా మనకు సుపరిచితమైన డ్రాగన్ రైలును చులకన చేయరాదు. రెండు మూడు గుట్టల ఎత్తు, కోడిగుడ్డు ఆకారపు పట్టా, ముందు రేకు నాగేంద్రుడి తల. అదీ రోలర్ కోస్టర్ వంశమే. ఉత్కంఠ 10, సాఫీతనం 15, నిడివి 10 (నిర్వాహకుడు ఉదారుడైతే ఇంకో చుట్టు అదనం), నిరీక్షణ, ఖర్చు 18. మొత్తం 53, ద్వితీయ శ్రేణి. మూడు వందల కిలోమీటర్ల ప్రయాణం చేసి సాధించిన 64కూ, ఊరి పక్కన దొరికే 53కూ నడుమ తేడా పదకొండు మార్కులే కావడం గమనార్హం.

మార్కులు లేని పరీక్ష

అయితే ఈ పట్టికలో భద్రత అనే అంశం లేదని పాఠకులు గుర్తించి ఉంటారు. అది మరచిపోయి వదిలినది కాదు. భద్రతకు ఇరవైకి పన్నెండు, పదిహేను అంటూ మార్కులు ఉండవు. ఉత్తీర్ణత లేదా అనుత్తీర్ణత, అంతే. అందులో తప్పిన సవారీకి మిగతా వంద మార్కులూ వచ్చినా సున్నాయే.

అమెరికాలో తెలుగువారు అధికంగా స్థిరపడిన నగరాల్లో ఒకటైన షార్లెట్ పక్కన కారోవిండ్స్ అనే ఉద్యానవనం ఉంది. అక్కడ 2015లో ప్రారంభమైన 'ఫ్యూరీ 325' ఎత్తు 325 అడుగులు, వేగం గంటకు సుమారు 153 కిలోమీటర్లు. ఆ రంగానికి చెందిన 'అమ్యూజ్‌మెంట్ టుడే' పత్రిక ఏటా ఇచ్చే గోల్డెన్ టిక్కెట్ పురస్కారాల్లో అది పలుమార్లు ప్రపంచపు ఉత్తమ ఉక్కు రోలర్ కోస్టర్‌గా నిలిచింది. అంతటి 'స్టేట్ ఫస్టు' విద్యార్థి 2023 జూన్ 30న పట్టుబడింది. ఆధార స్తంభం పైభాగాన పగులు ఏర్పడి, బండి పోయినప్పుడల్లా స్తంభం కదులుతోంది. దానిని కనిపెట్టినది తనిఖీ సిబ్బంది కాదు, చూడవచ్చిన ఒక సందర్శకుడు. అతడు వీడియో తీసి చూపాకే సవారీని నిలిపివేశారు. స్తంభాన్ని మార్చి, పరీక్షలు జరిపి ఆగస్టులో తిరిగి తెరిచారు.

మన దేశంలో అందరికీ అంతటి అదృష్టం దక్కలేదు. 2019 జులై 14న అహ్మదాబాదు కాంకరియా చెరువు వద్ద లోలకం వలె ఊగే సవారీ విరిగిపడి ఇద్దరు మరణించారు, పలువురు గాయపడ్డారు. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ నైరుతి ప్రాంతంలోని ఒక ఉద్యానవనంలో రోలర్ కోస్టర్ పైనుంచి పడి 24 ఏళ్ల యువతి మృతి చెందింది. అదే ఏడాది జనవరిలో హైదరాబాదు నాంపల్లి నుమాయిష్‌లో ఒక సవారీ నడుమ ఆగిపోగా, ఎక్కినవారు ఇరవై నిమిషాలకు పైగా తలకిందులుగా వేలాడవలసి వచ్చింది. వారు క్షేమంగా దిగడం ఊరట.

భారత ప్రమాణాల సంస్థ ఈ సవారీల భద్రతకు ప్రమాణాలు ప్రచురించింది. సామాన్యుడు ఆ పుస్తకం తెరవలేడు గాని, టిక్కెట్టు కొనేముందు ఐదు నిమిషాలు నిలబడి చూడగలడు. సిబ్బంది ప్రతి కడ్డీనీ చేత్తో లాగి చూస్తున్నారా, లేక ఈల వేసి పంపించేస్తున్నారా? ఎత్తు కొలిచే కర్ర ఉందా, పొట్టి పిల్లవాడిని తండ్రి బతిమాలగానే పంపేస్తున్నారా? ఉదయం తొలి విడతకు ముందు ఖాళీ బండిని తిప్పారా? తిరునాళ్లలోనైతే కాళ్ల కింద చెక్కదిమ్మలు ఆనించి మట్టం చేశారా, వాన పడిన నేలపై అవి కుంగుతున్నాయా, తీగలు కాళ్ల మధ్య పడి ఉన్నాయా అన్నవి కూడా చూడాలి. శాశ్వత ఉద్యానవనంలో యంత్రం ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. తిరునాళ్ల యంత్రాన్ని ఊరూరా విప్పి మళ్లీ బిగిస్తారు. బిగించిన ప్రతిసారీ అది కొత్త పరీక్షే. నిరుడు ఉత్తీర్ణమైనదని ఈ ఏడు కళ్లు మూసుకొని ఎక్కించరాదు.

గుండె జబ్బు, అధిక రక్తపోటు, మెడ, నడుము నొప్పులు ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స చేయించుకొన్నవారు కింద నిలబడి చూడటమే శ్రేయస్కరం. చున్నీ, కొంగు, జడ బిగించి కట్టుకోవాలి. కళ్లద్దాలు, సెల్‌ఫోను, మెడలోని గొలుసు ఇంటివారి చేతికిచ్చి ఎక్కాలి.

'రికాయిల్'లో ఎక్కడ కూర్చోవాలన్నదీ తరచుగా వినిపించే ప్రశ్నే. మొదటి వాలుపై అందరికంటే ఎత్తుకు పోయేది చివరి వరుస. రెండో వాలుపై ఆ వంతు ముందు వరుసకు వస్తుంది. తొలిసారి ఎక్కేవారికి నడుమ వరుసలు మేలు.

చెన్నై దక్షిణాన తిరుప్పోరూరు వద్ద ఇదే సంస్థ 2025 డిసెంబరులో మరో ఉద్యానవనాన్ని ప్రారంభించింది. అక్కడి 'తంజోరా'లో ఆసనాలు పట్టా కింద వేలాడుతుంటాయి; కాళ్లకు ఆధారం ఉండదు. దానిని నిర్మించినది 'ఫ్యూరీ 325'ను కట్టిన స్విట్జర్లాండ్ సంస్థ బోలిగర్ అండ్ మాబిలార్డే. తెనాలి, బాపట్లల నుంచి చెన్నైకి నేరుగా రైళ్లున్నాయి కనుక మన ప్రాంతం వారికి హైదరాబాదుతో పాటు అదీ అందుబాటులోని మార్గమే. ఈ రచయిత దానిని ఇంకా ఎక్కలేదు. అందువల్ల పట్టికలో దాని గడి ప్రస్తుతానికి ఖాళీ.