వెల్లుల్లి సీసానికి విరుగుడా?

జంషెడ్‌పూర్ బస్తీల్లో ధమ్మం గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నప్పుడు మాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఇది. పాత బ్యాటరీలు విడగొట్టేవారు, రంగులు వేసేవారు, తుక్కు కరిగించేవారు అడుగుతుంటారు. "రోజూ నాలుగు వెల్లుల్లి రెబ్బలు తింటే ఒంట్లో చేరిన సీసం పోతుందంట, నిజమేనా?" దీనికి జవాబు చెప్పాలంటే చరిత్రలోకి వెళ్లాలి.

తథాగతుడు మూలికలను కాదనలేదు. వినయ పిటకంలోని మహావగ్గలో ఔషధాల గురించే ఒక అధ్యాయం ఉంది. పసుపు, అల్లం, వస, పిప్పళ్లు, మిరియాలు, కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ వాడుకోవచ్చని అందులో అనుమతి ఉంది. వెల్లుల్లి కథ చుల్లవగ్గలో వస్తుంది. వెల్లుల్లి తిన్న ఒక భిక్షువు, తన వాసన పక్కవారికి ఇబ్బంది కలిగిస్తుందని ధమ్మ ప్రవచనంలో దూరంగా కూర్చున్నాడు. అప్పుడు బుద్ధుడు దాన్ని నిషేధించాడు. ఆ తర్వాత సారిపుత్తుడికి కడుపులో వాతబాధ వచ్చింది. వెల్లుల్లితోనే ఉపశమనం కలుగుతుందని తెలిసి, జబ్బు పడినవారికి దాన్ని అనుమతించాడు. నియమం కంటే బాధ తీరడం ముఖ్యమన్నదే ఇక్కడి నీతి.

అశోకుడు ఈ దారినే రాజ్య విధానం చేశాడు. మనుషులకూ పశువులకూ పనికివచ్చే మూలికలు లేనిచోటికి తెప్పించి నాటించినట్టు ఆయన రెండవ శిలాశాసనం చెబుతుంది. ఆ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది.

కానీ ఆ కాలపు భిక్షువు ఎదుర్కొన్నది వాతబాధ. మన కార్మికుడు ఎదుర్కొంటున్నది లోహం. సాక్చి గ్రామం దగ్గర 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయింది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మన తెలుగు కుటుంబాలు కూడా ఈ పట్నాన్ని కట్టిన చేతుల్లో ఉన్నాయి. పెద్ద కర్మాగారాల చుట్టూ చిన్న షెడ్లు పెరిగాయి. చట్టం చూపు అక్కడిదాకా వెళ్లడం కష్టం.

ఇప్పుడు ఆ ప్రశ్నకు వద్దాం. ఇరాన్‌లోని మష్హద్‌లో కారు బ్యాటరీల కర్మాగారపు కార్మికులకు నాలుగు వారాలపాటు వెల్లుల్లి మాత్రలు ఇచ్చి పరీక్షించారు. ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. వారి రక్తంలో సీసం సుమారు 18 శాతం తగ్గింది. పోలిక కోసం మరికొందరికి ఇచ్చిన పెన్సిలమిన్ మందు చేసినంత మేలు వెల్లుల్లీ చేసింది. ఇది చిన్న సంగతి కాదు. అయితే తగ్గాక కూడా డెసిలీటరు రక్తంలో దాదాపు 35 మైక్రోగ్రాముల సీసం మిగిలింది. 5 మైక్రోగ్రాములు ఉన్నా సరే, సీసం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

ఇంకో ప్రమాదమూ ఉంది. అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో దొరికే 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా కనిపించిందని 2004లో ఒక అధ్యయనం వెల్లడించింది. విరుగుడు అనుకున్నదే విషం కావచ్చు. వంటింటి వెల్లుల్లి, ఉసిరి వేరు, పేరూ ఊరూ లేని పొట్లం వేరు.

దుఃఖానికి కారణం ఉంది, ఆ కారణాన్ని తొలగించవచ్చు. ఇదే బుద్ధుని బోధ. కార్మిక శాఖ చూస్తున్న రోజుల్లో, 1943 డిసెంబరులో, బాబాసాహెబ్ ధన్‌బాద్ ప్రాంతపు బొగ్గు గనిలోకి స్వయంగా దిగి చూశారు. బాధ పుట్టేచోటికే వెళ్లారు. 1948 ఫ్యాక్టరీల చట్టం తప్పక తెలియజేయాల్సిన వ్యాధుల జాబితాలో సీసపు విషాన్ని మొదటి స్థానంలో పెట్టింది. భోపాల్ విషవాయువు తర్వాత 1987లో చేసిన సవరణ, ప్రమాదకర పనుల్లో ఉన్న కార్మికుడికి తన ఆరోగ్య రికార్డు చూసుకునే హక్కు ఇచ్చింది.

అందుకే మేము బస్తీల్లో చెప్పే మాట ఇది. వెల్లుల్లి తినండి, మంచిదే. కానీ ముందు రక్త పరీక్ష చేయించుకోండి. పని బట్టలతో పసిబిడ్డను ఎత్తుకోకండి. గాలి, నీరు, ముఖానికి రక్షణ కావాలని నలుగురూ కలిసి అడగండి. మూలిక మనకు తోడుగా ఉంటుంది. విషాన్ని రాకుండా ఆపాల్సింది మాత్రం మనమే, సంఘంగా.

జై భీమ్. నమో బుద్ధాయ.