వృద్ధాప్య శుక్లం: జన్యువుల పాత్ర

వయసు మీదపడితే కంట్లో శుక్లం రావడం మామూలేనన్న భావన వల్ల, దాని వెనక జన్యువులున్నాయా అన్న ప్రశ్న ఆలస్యంగా పుట్టింది. తొలి పరిశోధనలు పుట్టుశుక్లాల చుట్టూనే తిరిగాయి. 1963లో పరిశోధకులు రెన్‌విక్, లాలర్ ఒక కుటుంబంలో తరతరాలుగా వస్తున్న శుక్లం డఫీ రక్తవర్గంతో జంటగా సంక్రమిస్తోందని చూపారు. 1968లో డఫీ జన్యువు ఒకటో క్రోమోజోమ్‌పై ఉందని తేలడంతో ఈ శుక్లం జన్యువు చోటు కూడా తెలిసింది. అయితే పుట్టుశుక్లానికీ ముసలితనపు శుక్లానికీ సంబంధమే లేదనుకోవడం సరికాదు. కంటి కటకం నడిమి కణాలకు కేంద్రకం ఉండదు. పుట్టకముందే తయారైన క్రిస్టలిన్ ప్రొటీన్లతోనే అవి జీవితాంతం నెట్టుకురావాలి. ఆ ప్రొటీన్‌ను జన్యులోపం బాగా చెడగొడితే పసితనంలోనే కటకం మసకబారుతుంది. కాస్త బలహీనపరిచి వదిలేస్తే మిగతా పని పొగ, ఎండ, మధుమేహం ఏళ్ల తరబడి చేస్తాయి.

వృద్ధాప్య శుక్లాలు కొన్ని కుటుంబాల్లో ఎక్కువని 1990లలో అమెరికాలోని బీవర్ డ్యామ్, ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనాలు చెప్పాయి. ఒకే ఇంటివాళ్లకు తిండీ, పొగా, ఎండా కూడా ఉమ్మడే కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. జవాబు కవలల్లో దొరికింది. 2000లో హామండ్ బృందం బ్రిటన్‌లో 50-79 ఏళ్ల కవల స్త్రీలను 506 జతలు పరీక్షించింది. ఇల్లు ఒకటే అయినా, జన్యువులన్నీ ఒకటిగా ఉన్న జతల్లో మిగతా జతల కంటే పోలిక ఎక్కువగా కనిపించింది. కటకం నడుమ వచ్చే శుక్లంలోని తేడాల్లో 48 శాతం వారసత్వానిదని, 38 శాతం వయసుదని, 14 శాతం పరిసరాలదని లెక్క తేలింది. ఈ 14ను చూసి పొగను తేలిగ్గా తీసుకోవడమే అసలు పొరపాటు. ఈ శాతాలు ఆ జనాభాకు చెందినవి, ఏ ఒక్కరి కంటికీ చెందినవి కావు. అందరూ ఇంచుమించు ఒకేలా బతికే చోట తేడాలు జన్యువులవిగానే కనబడతాయి. కట్టెలపొయ్యి పొగలో, పొలం ఎండలో ఏళ్లు గడిపినవారికి ఆ అంకెలను యథాతథంగా అంటగట్టలేం.

తర్వాత వెతుకులాట ఒక్కో జన్యువు మీదికి మళ్లింది. 2009 నాటికి ఈపీహెచ్‌ఏ2 జన్యువుకు ముసలితనపు శుక్లంతో ముడి కనిపించింది. 2012లో భారతీయుల్లోనూ అదే తేలింది. 2021లో 67,844 మంది శుక్లం ఉన్నవారిని, 5,17,399 మంది లేనివారిని పోల్చిన విశ్లేషణ 54 జన్యుస్థానాలను గుర్తించింది. అన్ని చోట్లు బయటపడ్డాయంటే ఒక్కొక్కదాని బలం స్వల్పమేనని అర్థం. అందుకే ఫలానావారికి శుక్లం వస్తుందని రక్తపరీక్షతో చెప్పగల పద్ధతేదీ వీటినుంచి ఇంకా పుట్టలేదు.