‘రిటైరైన డిటెక్టివ్ హంతకుడి వేటలో’: ఒక సినిమా వాక్యానికి వ్యాఖ్యానం

2021 ఫిబ్రవరిలో విడుదలైన ‘కపటధారి’ కథ ఈ నాలుగు మాటల్లో ఇమిడిపోతుంది. కన్నడ ‘కవలుదారి’కి అది తెలుగు రూపం. మెట్రో తవ్వకాల్లో అస్థిపంజరాలు బయటపడతాయి. ట్రాఫిక్ ఎస్సై గౌతమ్ (సుమంత్) వాటి వెంట పడతాడు. దశాబ్దాల కిందట ఆ కేసు చూసిన విశ్రాంత పోలీసు రంజిత్ (నాజర్) అతనికి తోడవుతాడు. ఈ మాటల బరువు హైదరాబాద్‌లో మూసీ మీది నయాపూల్ వంతెన దగ్గర బాగా తెలుస్తుంది. మూసీకి ఉత్తరాన శవపరీక్షలు చేసే ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణాన ఉరిశిక్షలను ఖరారు చేసే హైకోర్టు. హత్య కేసు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

రిటైరైన: వాక్యానికి ప్రాణం ఈ మాటే. ఉద్యోగం దిగిపోయిన మరునాటి నుంచి అతను సమన్లు ఇవ్వలేడు, ఇల్లు సోదా చేయలేడు, పంచనామా రాయలేడు. కేసు డైరీ చూడాలన్నా పాత స్టేషన్లో ఎవరో ఒకరు దయ తలచాలి. అయితే సినిమాలు పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం నిందితుడి మీద సాక్ష్యం కాదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్ ఆ మాటే చెబుతాయి. కొట్టి ఒప్పించడాన్ని ఆపడానికి పెట్టిన కట్టడి అది. రిటైరైనవాడు ఇక పోలీసు కాదు. కస్టడీలో లేని మనిషి, ఎవరి బెదిరింపూ లేకుండా అతనితో తనంతట తాను చెప్పుకుంటే కోర్టు ఆ మాట వినవచ్చు. బలహీనమైన సాక్ష్యమే, వేరే ఆధారాల ఊతం కావాలి. అయినా హోదా పోయాకే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఇలాంటి కథకు ఇంతకంటే మంచి సన్నివేశం నాకు తోచదు: లాఠీ లేని ముసలాయన, ఎదురుగా తనంతట తాను నోరు విప్పుతున్న నేరస్థుడు.

డిటెక్టివ్: హైదరాబాద్ స్టేషన్లలో డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ నిజంగానే ఉంటారు, అందరూ ‘డీఐ’ అంటారు. గౌతమ్ డీఐ కాదు, ట్రాఫిక్ మనిషి. అంటే దర్యాప్తు అధికారం ఇద్దరికీ లేదు, ఒకరికి వయసు వల్ల, ఇంకొకరికి శాఖ వల్ల. కథలో అందమంతా ఆ జంటలోనే ఉంది.

హంతకుడి: తీర్పు వచ్చేదాకా అతను నిందితుడే. చనిపోయినవాళ్ల పేర్లు తేలడం అంతకంటే కష్టం. ఎముకలు దొరికితే ముందు శవపంచనామా, తర్వాత ఫోరెన్సిక్ డాక్టర్లు వయసు, ఆడో మగో అంచనా వేస్తారు. డీఎన్ఏ పోల్చడానికి రెడ్‌హిల్స్ ల్యాబ్ ఉంది, కానీ పోల్చుకోవడానికి రక్తబంధువు నమూనా కావాలి. నలభై ఏళ్ల తర్వాత ఆ బంధువును వెతికి పట్టుకోవడానికి పాత అధికారి జ్ఞాపకమే దారి. అందుకే రంజిత్ కథకు అలంకారం కాదు, అవసరం. ఎన్నేళ్లయినా హత్య కేసుకు కాలదోషం పట్టదు. చిన్న నేరాలకున్న గడువులు దీనికి లేవు.

వేటలో: మన థ్రిల్లర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చివరి రీల్లో తుపాకి పేలితే నయాపూల్ అవతలి ఒడ్డుకు పనేమీ మిగలదు, చచ్చినవాళ్ల తరఫున ఎవరూ తీర్పు చదవరు. సాధారణ పౌరుడికీ అరెస్టు అధికారం ఉంది, కానీ ఇరుకైనది: తన కళ్ల ముందు నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం జరగాలి, లేదా ఆ మనిషి కోర్టు ప్రకటించిన పరారీ నేరస్థుడై ఉండాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం పట్టుకున్నవాణ్ని ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. నలభై ఏళ్ల నాటి హత్య రంజిత్ కళ్ల ముందు జరగలేదు. అతను చేయగలిగింది తెలిసినదంతా దర్యాప్తు అధికారికి చెప్పి, బోనెక్కి సాక్ష్యం ఇవ్వడమే.