నల్ల జోనంగి, కెమెరా లెక్క

కొల్లేరు లంకల్లో బాతుల మందలను కాసిన జోనంగి మన కోస్తా సొంత కుక్క. ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు, మొరుగుడు తక్కువ. బాతుల పెంపకం తగ్గి చేపల చెరువులు పరుచుకున్న కొద్దీ దాని పని పోయింది, సంఖ్యా పడిపోయింది. అంతరించిపోయేలా ఉన్న జాతికి పాత ఫొటోలు సాక్ష్యాలు. కానీ నల్ల జోనంగి ఆ ఫొటోల్లో మసిముద్దగానో, వెలిసిన బూడిద రంగుగానో మిగిలిందంటే సాక్ష్యం సగం పోయినట్టే. ఈ చిక్కు ఫొటోగ్రఫీ పుట్టినప్పటి నుంచీ ఉంది.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తెచ్చిన తడి గాజు పలక నీలి కాంతినే బాగా పట్టేది, ఎరుపు దానికి దాదాపు కనపడేది కాదు. అందుకే నల్లకుక్కే కాదు, ఎర్రమట్టి రంగు కుక్క కూడా నల్లగానే పడేది. పైగా ఎక్స్‌పోజర్‌కు కొన్ని సెకన్లు పట్టేది, కుక్క తోక ఆడిస్తే బొమ్మ చెదిరేది. 1871లో మాడాక్స్ పొడి పలక వచ్చింది, తర్వాతి ఏళ్లలో దాన్ని మెరుగుపరిచాక వేగం వచ్చింది. 1873లో వోగెల్ రంగుల అద్దకంతో పలకకు ఆకుపచ్చ కనపడింది. అన్ని రంగులూ పట్టే పలకలు బజారులోకి వచ్చేసరికి 1906 అయింది. నిజాం ఆస్థానంలో ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ పనిచేసింది ఈ మార్పుల కాలంలోనే.

రంగుల సమస్య తీరాక వెలుతురు లెక్క సమస్య మిగిలింది. 1932లో వెస్టన్ కంపెనీ ఫొటోసెల్ మీటరు వచ్చింది. మీటరు ఎదురుగా ఉన్నది మధ్యస్థ బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. దానికి నల్లకుక్కయినా తెల్లగోడయినా ఒకటే. ఫ్రేమంతా నల్లకుక్క నిండితే చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది: వెంట్రుకలు బూడిదైపోతాయి, నాలుక తెల్లబోతుంది. ఈ మంకుతనానికి విరుగుడుగా 1940 ప్రాంతంలో యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ జోన్ సిస్టమ్ రూపొందించారు. చీకటి భాగం ఎంత నల్లగా ఉండాలో ఫొటోగ్రాఫరే ముందు నిర్ణయించుకుంటాడు. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే.

మన ఊళ్ల స్టూడియోల్లో తెలుపు-నలుపు కాలంలో ఆ నిర్ణయం డార్క్ రూములో జరిగేది. ప్రింటు వేసేటప్పుడు అట్టముక్క అడ్డుపెట్టి ముఖం మీద వెలుతురు ఆపేవారు, అక్కడి నలుపు తేలికపడేది. కలర్ ల్యాబులు వచ్చాక ఆ చెయ్యి పోయింది. యంత్రం నెగటివ్ మొత్తం మీద సగటు తీసి ప్రింటు వేసింది. సరిగ్గా తీసిన నల్లకుక్క కూడా ప్రింటులో బూడిదరంగుకు తిరిగింది. తప్పు ఫొటో తీసినవాడిది కాదు, సగటుది.

1983లో నికాన్ ఎఫ్ఏ ఫ్రేమును భాగాలుగా చేసి కొలవడం మొదలెట్టింది. 2019 నాటికి సోనీ కెమెరాలు జంతువుల కన్ను వెతికి ఫోకస్ చేస్తున్నాయి. అయినా ఫోకస్ వేరు, ఎక్స్‌పోజర్ వేరు. ‘నల్లకుక్కకు ఎప్పుడూ మైనస్ పెట్టు’ (మీటరు చెప్పినదాని కన్నా వెలుతురు తగ్గించు) అనే సలహా అన్ని చోట్లా పనికిరాదు. పాక నీడలో కుక్క ఫ్రేము నిండితే మైనస్ ఒకటి సరే. కొల్లేరు గట్టు మీద వెనక నీళ్లు మెరుస్తుంటే కెమెరా ఆ మెరుపుకే లొంగుతుంది, కుక్క ఉత్త ఆకారమవుతుంది. అక్కడ ప్లస్ కావాలి. మధ్యాహ్నపు ఎండ నున్నటి వీపు మీద తెల్లటి మచ్చలు వేస్తుంది కాబట్టి పొద్దున్నో సాయంత్రమో పక్క వెలుతురు మేలు. డిజిటల్‌లో నీడలను కొంత పైకి తేవచ్చు, కాలిపోయిన తెలుపు మాత్రం తిరిగి రాదు.

నెగటివ్ సంగతి వేరు. ప్రింటు బూడిదైనా, వెంట్రుకల వివరం చాలాసార్లు నెగటివ్‌లో భద్రంగానే ఉంటుంది. దీన్ దయాళ్ గాజు పలకలు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ ఉన్నాయి. తణుకు, ఏలూరు, తాడేపల్లిగూడెం స్టూడియోల వారికీ, లంకల్లో ఇళ్ల వారికీ ఒక విన్నపం: పాత నెగటివ్‌లు పారేయకండి. బాతుల మంద పక్కన నల్లటి కుక్క ఉన్న రీలు దొరికితే మళ్లీ స్కాన్ చేయించండి, ఊరి పేరూ ఏడాదీ రాసిపెట్టండి.