సూక్ష్మజీవి కూర్చిన మానవ మాంసకృత్తు

నేటి జీవశాస్త్ర ప్రయోగశాలలలో మంచువలె చల్లనగు పెట్టెలయందు బొటనవ్రేలంత సీసాలు కొన్ని కానవచ్చును. వానిలో తెల్లని పొడి ఒక రేణువంత యుండును. ఒక్కొక్కప్పుడు కంటికి కానరానంత స్వల్పము. పైనంటించిన చీటిపై ‘మానవ మాంసకృత్తు’ అనియు, ‘పరిశోధనకు మాత్రమే’ అనియు రెండు మాటలుండును. ఏ మానవుని దేహమునుండి దీనిని తీసిరోయని శంకించుట సహజము. కాని ఇట్టి మాంసకృత్తులలో పెక్కింటిని సూక్ష్మజీవులో, ప్రయోగశాలలో పెంచిన కణములో తయారుచేయుచున్నవి. పేరు మనది, పని వానిది. ఇది ఎట్లు సాధ్యమైనదో, ఆ రెండవ మాట ఎందుకు వ్రాయవలసి వచ్చినదో తెలిసికొందము.

పూర్వము దేహములోని పదార్థము కావలెనన్న దేహమునే ఆశ్రయింపవలసి యుండెను. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు కుక్కల క్లోమమునుండి మధుమేహమును అణచు సారమును తీసిరి. 1922 జనవరిలో మరణోన్ముఖుడైయున్న 14 ఏండ్ల లెనార్డ్ థాంసన్‌కు ఎద్దుల క్లోమమునుండి తీసిన సారమునిచ్చి బ్రతికించిరి. అటుపై 60 సంవత్సరములు మధుమేహ రోగులకు పశువుల, పందుల క్లోమములే శరణ్యమయ్యెను. పరిశోధకుల అవస్థ ఇంకను కష్టము. సొమటోస్టాటిన్ అను మెదడులోని పదార్థమును 5 మిల్లీగ్రాములు సంపాదించుటకు సుమారు 5 లక్షల గొర్రెల మెదళ్ళు వెచ్చింపవలసి వచ్చెనని చెప్పుదురు.

1973లో కాలిఫోర్నియాకు చెందిన కోయెన్, బోయర్ అను శాస్త్రజ్ఞులు ఒక జీవి జన్యువును వేరొక జీవి జన్యుపదార్థముతో అతికించి, సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టు మార్గమును చూపిరి. ఆ వెంటనే భయమును పుట్టెను. ఇట్టి జీవి ప్రయోగశాల దాటి వెలువడినచో ఏమగును? 1975 ఫిబ్రవరిలో శాస్త్రజ్ఞులే అసిలోమార్‌లో సమావేశమై తమకు తామే కట్టుబాట్లు విధించుకొనిరి. మరుసటి యేడు అమెరికాలోని కేంబ్రిడ్జి నగరసభ కొన్ని తరగతుల ప్రయోగములను కొన్ని నెలలు ఆపించెను.

ఈ చిక్కునుండి ఇటాకురా, రిగ్స్ అనువారు చక్కని ఉపాయముతో బయటపడిరి. వారు మానవ దేహమునుండి జన్యువును తీయలేదు. సొమటోస్టాటిన్‌లో 14 అమినో ఆమ్లములు ఏ వరుసలో నున్నవో అప్పటికే తెలియును. ఆ వరుసకు సరిపోవు జన్యువును రసాయనములతో స్వయముగా కూర్చి, బోయర్ బృందముతో కలసి సూక్ష్మజీవికి అందించిరి. మొదట ఫలితము శూన్యమయ్యెను; ఆ చిన్న మాంసకృత్తును సూక్ష్మజీవి పుట్టిన వెంటనే నశింపజేసెను. అంతట వారు దానిని సూక్ష్మజీవి స్వంతమైన పెద్ద మాంసకృత్తునకు తోకవలె తగిలించి, పిదప రసాయనముతో వేరుచేసిరి. 1977లో ప్రయత్నము ఫలించెను.

మరుసటి యేడే ఇన్సులిన్ వంతు వచ్చెను. దానిలో 21, 30 అమినో ఆమ్లములు గల రెండు గొలుసులు కలవని సాంగరు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అదివరకే నిర్ణయించి, 1958లో నోబెల్ బహుమానము పొందియుండెను. 1978లో ఆ రెండింటిని వేర్వేరు సూక్ష్మజీవులచే చేయించి, తరువాత జతపరచిరి. మానవ ఇన్సులిన్ సిద్ధమైనది.

కాని అది రోగిని చేరుటకు మరి నాలుగేండ్లు పట్టెను. పదార్థమదియే, అయినను దానితోపాటు సూక్ష్మజీవి శరీరశకలము లేశమాత్రమును మిగులరాదు. ప్రతి విడతయు ఒకే తీరుననుండవలెను. 1980లో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో ఆరోగ్యవంతులైన పురుషులపై మొదట పరీక్షించిరి. 1982 అక్టోబరులో అమెరికాలో ఔషధముగా ఆమోదము లభించెను.

ఆ నాలుగేండ్ల దూరమే చీటిపైనున్న రెండవ మాటకు అర్థము. ప్రయోగశాల సీసాలోని మాంసకృత్తు శాస్త్రజ్ఞుని ప్రశ్నకు సమాధానము చెప్పగలదు. రోగి నరములలో ప్రవేశించుటకు దానికి ఇంకను అర్హత రాలేదు. మన ఇండ్లలో ప్రతిదినము ఇన్సులిన్ సూదిమందు తీసికొనువారు నిర్భయముగా నుండుటకు కారణము సూక్ష్మజీవి నేర్పు మాత్రమే కాదు. ఆ నేర్పును నమ్ముటకు ముందు నాలుగేండ్లు పరీక్షించిన వారి ఓర్పు కూడను.