మత్రా రేవు

కట్టుబాట్లున్న ముస్లిం దేశమనగానే మనలో చాలామందికి మూసిన తలుపే స్ఫురిస్తుంది. ఒమాన్‌లోని మత్రా రేవు చరిత్ర వేరుగా చెబుతుంది.

అక్కడ విహారనౌక దిగినవారికి ఎదురుగా కనిపించేది గుట్టమీది పోర్చుగీసు కోట. 1507లో అల్బుకర్క్ పొరుగునే ఉన్న మస్కట్‌ను తగులబెట్టాడు. 1650లో ఒమానీలు పోర్చుగీసువారిని వెళ్ళగొట్టారు. ఫిరంగులతో వచ్చినవారు పోయారు. తక్కెడతో వచ్చిన కచ్ఛీ వర్తకులు నిలిచారు. పాత మస్కట్‌లో శివాలయమూ నిలిచింది.

2014లో సరుకు ఓడలు సోహార్‌కు తరలాక మత్రాకు యాత్రికులే ముఖ్య అతిథులయ్యారు. 2001లో ప్రారంభమైన సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదులోకి, శుక్రవారం తప్ప, ఉదయంపూట అన్యమతస్థులకూ ప్రవేశముంది. స్త్రీలు తల కప్పుకోవాలి. ఎవరికైనా భుజాలూ మోకాళ్ళూ కనబడరాదు.

ఈ నియమాన్ని అవమానంగా తలచేవారున్నారు. గుడి ముంగిట చెప్పులు విడిచే మనకు ఇది అంత కొత్తదేమీ కాదు కదా!